‘లేదు’ అన్న జవాబుని ఎంతవరకు నమ్మాలి?

(ఫార్మసీ, స్టాటిస్టిక్స్ విద్యార్థులను కలిపి కూర్చోబెట్టి చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాశాం. బోర్డు మీద వేసిన బొమ్మలను మాటల్లోనే చెప్పాం.)

అందరికీ నమస్కారం. ఫార్మసీ వాళ్లు ఇటువైపు, స్టాటిస్టిక్స్ వాళ్లు అటువైపు కూర్చున్నారు. మధ్యలో ఒక వరస ఖాళీగా ఉంది. ఈ గంట పూర్తయ్యేసరికి ఒకరి పని ఒకరికి ఎందుకు అవసరమో తెలిస్తే నాకు చాలు.

అన్నం ఉడికిందో లేదో చూడటానికి అన్ని మెతుకులూ పట్టి చూడక్కర్లేదు, ఒక్క మెతుకు చాలు అంటారు మన ఇళ్లలో. శాంపిల్ అంటే ఏంటో చెప్పేటప్పుడు మేమూ క్లాసులో ఇదే చెబుతాం. ఎందుకు చాలు? గిన్నెలో ఉన్నవన్నీ ఒకే మంట మీద, ఒకే నీళ్లలో ఉడికాయి. ఒకటి ఉడికిందంటే పక్కది కూడా ఉడికినట్టే. మరి బియ్యంలో రాయి ఉందో లేదో చూడాలి, అప్పుడు? ఒక గింజ తీసి చూసి ‘రాళ్లు లేవు’ అనగలమా? అనలేం. చేటలో పోసుకుని మొత్తం ఏరాల్సిందే. కొత్త మందు కోసం కాంపౌండ్లు, అంటే రసాయన పదార్థాలు, వెతకడం మెతుకు పట్టి చూసే పని కాదు, రాళ్లేరే పని. తేడా ఒక్కటే, ఇక్కడ దొరికిన రాయి మనకి వజ్రం.

పని ఎంత ఉంటుందో చూద్దాం. ఒక లైబ్రరీలో, అంటే పరీక్షించడానికి దాచుకున్న కాంపౌండ్ల సేకరణలో, లక్ష కాంపౌండ్లు ఉన్నాయనుకోండి. ఇది చిన్న లైబ్రరీ. పెద్ద కంపెనీల దగ్గర పది లక్షలు దాటినవి ఉంటాయి. ఒక ఎంజైమ్‌ని, అంటే ఒంట్లో రసాయన చర్యని నడిపే ప్రొటీన్‌ని, ఆపగల కాంపౌండ్ కావాలి. లక్షలో నిజంగా పనిచేసేవి ఓ వంద ఉంటాయనుకుందాం. అంటే వెయ్యికి ఒకటి. పరీక్ష చేసేది ప్లేట్ మీద. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పలక, దాని మీద 16 అడ్డ వరసలు, 24 నిలువు వరసలు, మొత్తం 384 చిన్న గుంటలు. వాటినే వెల్స్ అంటాం. రెండు పక్కలా రెండేసి నిలువు వరసలు కంట్రోల్స్‌కి, అంటే పోల్చి చూసుకునే వెల్స్‌కి, వదిలేస్తే కాంపౌండ్లకి మిగిలేవి 320. లక్షని 320తో భాగించండి. 313 ప్లేట్లు. ప్రతి వెల్‌లో ఎంజైమ్ పోయాలి, ఆ ఎంజైమ్ మార్చే పదార్థం, సబ్‌స్ట్రేట్, పోయాలి, చదవాలి. రోబో చేసినా సరే, ఎంజైమ్‌కి డబ్బు, ప్లేట్లకి డబ్బు, రోజులకి డబ్బు.

అందుకే ఎవరికైనా వచ్చే ఆలోచన ఇది: ఒక్కో వెల్‌లో ఒక్కో కాంపౌండ్ ఎందుకు? పది కలిపి ఒకే వెల్‌లో వేస్తే? ‘లేదు’ అని వస్తే పదీ ఒకేసారి పక్కన పెట్టేయొచ్చు కదా?

చూశారా, ఆదా అంతా ఎక్కడి నుంచి వస్తోందో? ‘ఉంది’ అన్న జవాబు నుంచి కాదు. ‘ఉంది’ అంటే మళ్లీ పదీ విడదీసి చూడాలి. ఆదా అంతా ‘లేదు’ అన్న జవాబుని నమ్మడం వల్ల వస్తోంది. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మిగతా గంటంతా దీని చుట్టూనే తిరుగుతాం.

ఈ లెక్కని మొదట కాగితం మీద పెట్టినవాడు రాబర్ట్ డార్ఫ్‌మన్ అనే అమెరికన్ ఆర్థికవేత్త. 1943. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. అమెరికాలో సైన్యంలోకి తీసుకునే కుర్రాళ్లందరికీ సిఫిలిస్ అనే సుఖవ్యాధి కోసం రక్త పరీక్ష చెయ్యాలి. లక్షల మంది. ఉన్నవాళ్లు మాత్రం కొద్దిమంది. డార్ఫ్‌మన్ ఏమన్నాడంటే, కొంతమంది రక్తం కలిపి ఒక పరీక్ష చెయ్యండి. నెగెటివ్ వస్తే అందరినీ పంపేయండి. పాజిటివ్ వస్తే విడివిడిగా చూడండి. గుంపుకి ఎంతమంది ఉండాలో కూడా లెక్క కట్టాడు.

ఆ లెక్క మనమూ చేద్దాం, చిన్నదే. నూటికి ఒకరికి జబ్బు ఉందనుకోండి. 11 మందిని ఒక గుంపు చేద్దాం. నూరు మందికి దాదాపు 9 గుంపులు, 9 పరీక్షలు. ఒక గుంపులో ఎవరికీ జబ్బు లేకపోయే అవకాశం ఎంత? 0.99ని పదకొండుసార్లు గుణించండి. దాదాపు 0.895. అంటే నూటికి పది, పదకొండు గుంపులు పాజిటివ్ అవుతాయి, వాళ్లనే మళ్లీ చూడాలి. రెండూ కలిపితే నూరు మందికి సుమారు 20 పరీక్షలు. నూరు చేయాల్సిన చోట ఇరవై! జబ్బు నూటికి పదిమందికి ఉంటే? అప్పుడు నలుగురి గుంపు మంచిది, కానీ నూరు మందికి దాదాపు 60 పరీక్షలు పడతాయి. నూటికి ముప్ఫై దాటితే ఆదా ఏమీ మిగలదు. విడిగా చేసుకోవడమే మేలు.

మీరు ఇది కళ్లారా చూశారు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ టెస్ట్ కిట్లు చాలనప్పుడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పూల్ టెస్టింగ్‌కి, అంటే శాంపిళ్లు కలిపి పరీక్షించడానికి, అనుమతి ఇచ్చింది. షరతులేమిటి? ఒక పూల్‌లో ఐదుకి మించి శాంపిళ్లు కలపకూడదు. పాజిటివ్ రేటు 2 శాతం కన్నా తక్కువ ఉన్న చోట్లలో వాడాలి. 5 శాతం దాటితే వద్దు. అప్పుడు చాలామంది, ఐదే ఎందుకు, పదకొండు ఎందుకు కలపకూడదు అని అడిగారు. కారణం లెక్కలో లేదు, ట్యూబులో ఉంది. ఐదు శాంపిళ్లు కలిపితే ప్రతి శాంపిలూ ఐదో వంతుకి పలచబడుతుంది. వైరస్ కొంచెమే ఉన్న మనిషి, పక్క నలుగురి శాంపిల్ వల్ల పలచబడి ‘లేదు’లోకి జారిపోతాడు. డార్ఫ్‌మన్ పద్ధతి అప్పట్లో సిఫిలిస్ పరీక్షల్లో అమలు కాకపోవడానికి చెప్పే కారణం కూడా ఇదే.

ఇప్పుడు ఫార్మసీ వాళ్లని అడుగుతున్నాను. కాంపౌండ్లు కలిపినప్పుడు కూడా పలచబడతాయా?

పలచబడతాయి అంటున్నారు కొందరు. ఒక్క నిమిషం ఆలోచించండి. రక్తం మనం చిక్కబరచలేం. కానీ కాంపౌండ్ మన చేతిలో ఉంది, డీఎంఎస్‌ఓ అనే ద్రవంలో కరిగించి 10 మిల్లీమోలార్ స్టాక్‌గా పెట్టుకున్నాం. (మోలార్ అంటే ద్రావణం ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత. మిల్లీమోలార్‌లో వెయ్యో వంతు మైక్రోమోలార్.) వెల్‌లో 10 మైక్రోమోలార్ కావాలి. అంటే వెయ్యి వంతులు పలచన చెయ్యాలి. వెల్‌లో 50 మైక్రోలీటర్లు ఉంటే, స్టాక్ 50 నానోలీటర్లు వేస్తే చాలు. పది కాంపౌండ్లు కావాలంటే పదీ ఒక్కోటి 50 నానోలీటర్లు వేస్తాం. ఏదీ పలచబడలేదు. ప్రతిదీ 10 మైక్రోమోలార్‌లోనే ఉంది. రక్తం పూల్‌కీ కాంపౌండ్ పూల్‌కీ ఉన్న తేడా ఇదే.

మరి అలాగైతే వంద కలిపేద్దామా? డీఎంఎస్‌ఓ లెక్క చూడండి. ఒక కాంపౌండ్‌తో వెల్‌లోకి 0.1 శాతం డీఎంఎస్‌ఓ వెళ్తుంది. పదింటితో 1 శాతం. చాలా రకాల కణాలు ఆ మాత్రానికే ఇబ్బంది పడటం మొదలుపెడతాయి. వందతో 10 శాతం. ఇక కణాలు బతకవు, చాలా ఎంజైమ్‌లు కూడా సరిగ్గా పనిచేయవు. కాబట్టి పూల్‌లో ఎన్ని అనేది ఒక్క ఫార్ములాతో తేలే విషయం కాదు. ఫార్ములా 32 అనొచ్చు, వెల్ 10కే చేతులెత్తేయొచ్చు. స్టాటిస్టిక్స్ వాళ్లూ, ఇది మీకోసం చెబుతున్నాను. గుంపు ఎంతుండాలో లెక్క కట్టే ముందు అవతలి వరసలో కూర్చున్నవాళ్లని అడగండి.

ఒకదాన్ని ఒకటి మింగే కాంపౌండ్లు

రక్తం కలిపితే ఒకరి రక్తం మరొకరి జబ్బుని దాచేయడం అరుదు. కాంపౌండ్లు అలా కాదు. ఒకే వెల్‌లో పదిమంది ఉన్నారు, పదిమందికీ నోరుంది.

ఒకటి, అవి ఒకదానితో ఒకటి రియాక్ట్ అవుతాయి. అమీన్ ఉన్నదాన్నీ ఆల్డిహైడ్ ఉన్నదాన్నీ ఒకే స్టాక్‌లో కలిపి నెలల తరబడి ఫ్రీజర్‌లో పెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? షిఫ్ బేస్. రెండూ పోయి మూడోది వస్తుంది. మీరు పరీక్షించేది మీ లిస్టులోనే లేని కాంపౌండ్.

రెండు, చిన్న చిన్నవి కూడుకుంటాయి. పది కాంపౌండ్లు, ఒక్కొక్కటి ఎంజైమ్ పనిని 5 శాతమే తగ్గిస్తుందనుకోండి. విడిగా చూస్తే దేనికీ విలువ లేదు. కలిపి చూస్తే? 0.95ని పదిసార్లు గుణిస్తే దాదాపు 0.60. అంటే 40 శాతం తగ్గింది. ‘పనిచేసేది దొరికింది’ అనడాన్ని హిట్ అంటాం. మీరు హిట్ గీత 30 శాతం దగ్గర గీసుకుని ఉంటే ఆ పూల్ హిట్. సంతోషంగా విడదీసి చూస్తారు, పదింటిలో ఒక్కటీ ఉండదు.

మూడు, గడ్డకట్టడం. కొన్ని కాంపౌండ్లు నీళ్లలో కంటికి కనపడని ముద్దలుగా చేరి, ఆ ముద్దల మీద ఎంజైమ్‌ని అతికించుకుని ఆపేస్తాయి. బ్రయన్ షోయిచెట్ బృందం 2000ల మొదట్లో దీన్ని గట్టిగా చూపించింది. కొద్దిగా ట్రైటాన్ డిటర్జెంట్ వేస్తే ఆ ముద్దలు విడిపోతాయి, హిట్ మాయమవుతుంది. వెల్‌లో మొత్తం కాంపౌండ్ 10 కాదు, 100 మైక్రోమోలార్ ఉంటే ఈ బెడద ఇంకా పెరుగుతుంది.

ఈ రెండూ మూడూ తప్పుడు ‘ఉంది’లు. వాటి ఖర్చు మళ్లీ ఒక పరీక్ష, అంతే. నాకు అసలు భయం నాలుగోది. అది తప్పుడు ‘లేదు’. దాని గురించి నా సొంత అనుభవం చెబుతాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్త. ఏ సంస్థ అన్నది వద్దు. కణాల మీద పరీక్ష. ఒక రిసెప్టర్‌ని, అంటే కణంలో సంకేతాన్ని అందుకునే ప్రొటీన్‌ని, మేలుకొలిపే కాంపౌండ్ కావాలి. మేలుకుంటే కణం వెలుగు ఇస్తుంది, ఆ వెలుగుని మెషిన్ అంకెగా చెబుతుంది. కాంపౌండ్ ఏమీ లేని వెల్స్‌లో అంకె 200 దగ్గర ఉండేది. మేలుకొలిపేదాన్ని వేస్తే 1000. నా పని ఏమిటంటే గీత గీయడం. గీత పైన ఉంటే 1, కింద ఉంటే 0. శ్రద్ధగా గీశాను. ఖాళీ వెల్స్ సగటు తీసి, దానికి స్టాండర్డ్ డీవియేషన్‌కి (అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతకి) మూడు రెట్లు పైన పెట్టి గీశాను. పుస్తకంలో ఉన్నట్టే.

ఒక పూల్ 40 దగ్గర వచ్చింది. 40 అంటే గీత కిందే కదా? 0 అని రాశాను. పది కాంపౌండ్లు ఒక్క సున్నాతో వెళ్లిపోయాయి.

చాలా కాలం తర్వాత వేరే పని మీద అదే లైబ్రరీలో కొన్నింటిని విడివిడిగా చూడాల్సి వచ్చింది. ఆ పదింటిలో ఒకటి 900 దాటింది. దాని పక్కనే పూల్‌లో ఉన్న మరొక కాంపౌండ్ కణాలని చంపేస్తోంది. చచ్చిన కణం వెలుగు ఇవ్వదు. మేలుకొలిపేది తన పని తాను చేసింది, లేవడానికి అక్కడ ఎవరూ లేరు. 

నా షీటు తీసి చూశాను. 40. ఖాళీ వెల్ కూడా 200 ఇస్తుంటే, ఈ వెల్ 40 ఇస్తోంది. అది ‘లేదు’ కాదు. ‘నన్ను అడగొద్దు, నేను చెప్పలేను’ అని ఆ వెల్ మొత్తుకుంటోంది. నేను వినలేదు. నాకు రెండే జవాబులు తెలుసు, ఒకటి, సున్నా. ఆ రోజు రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పది ఒక్కటే కాదు, ఇంకెన్ని 40లని సున్నాలు చేశానో అని టెన్షన్.

అందుకని మీ అందరికీ చెబుతున్నాను. పూల్‌కి రెండు జవాబులు ఉండవు, మూడు ఉంటాయి. ఉంది, లేదు, చెప్పలేను. పైన ఒక గీత గీసినట్టే కింద కూడా ఒక గీత గీయండి. ఖాళీ వెల్ కన్నా బాగా కిందకి పడిపోయిన ప్రతి పూల్‌నీ పక్కన పెట్టి, విడదీసి మళ్లీ చూడండి. ఇలా ఒక కాంపౌండ్ మరొకదాన్ని అడ్డుకోవడం, లేదా రెండు కలిస్తేనే పనిచేయడం, వీటిని లెక్కలోకి తెచ్చిన పేపర్ ఒకటుంది. 2001లో జర్నల్ ఆఫ్ ద అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్‌లో వచ్చింది. రాసినవాళ్లు మింగే షీ, కే టాట్సువోకా, జెరోమ్ శాక్స్, స్టాన్లీ యంగ్. స్టాటిస్టిక్స్ వాళ్లు తప్పకుండా చదవాలి. డార్ఫ్‌మన్ ప్రపంచంలో అడ్డుకునేవాళ్లు లేరు, వీళ్ల ప్రపంచంలో ఉన్నారు.

‘లేదు’ అన్న జవాబు ఎప్పుడూ మోసమే అనుకోకండి. దాని అర్థం సరిగ్గా తెలిస్తే అది దారి చూపిస్తుంది. ప్రకృతిలో దొరికే ఏ ఎక్స్‌ట్రాక్ట్ అయినా ఒక పూలే కదా? లివర్ ఎక్స్‌ట్రాక్ట్, ఆకు పసరు, మట్టిలోని సూక్ష్మజీవి పెరిగిన ద్రవం, అన్నీ దేవుడు కలిపిన పూల్స్. 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టర్ బొంబాయి వచ్చింది. మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్లు, గర్భిణులు, ఒక రకం రక్తహీనతతో చనిపోతున్నారు. ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ ఇస్తే కోలుకున్నారు. శుద్ధి చేయని లివర్ ఎక్స్‌ట్రాక్ట్ ఇచ్చినా కోలుకున్నారు. మరి బాగా శుద్ధి చేసిన లివర్ ఎక్స్‌ట్రాక్ట్, వేరే రకం రక్తహీనతకి అప్పటికే మందుగా వాడుతున్నది, అది ఇస్తే? పనిచేయలేదు. చూడండి, ఆ ‘లేదు’లో ఎంత సమాచారం ఉందో! ఈ ఆడవాళ్లకి కావలసింది ఆ మందులో ఉన్నది కాదు, శుద్ధి చేసేటప్పుడు బయటికి పోయినది. అదే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. 1940ల్లో దాన్ని లెడర్లీ ల్యాబ్స్‌లో కృత్రిమంగా తయారుచేసిన పరిశోధనకి నాయకత్వం వహించింది ఎవరు? ఫార్మసీ వాళ్లు చెప్పాలి. అవును, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. లూసీ విల్స్ ఆ ‘లేదు’ని నమ్మగలిగింది, ఎందుకంటే అదే జబ్బుకి శుద్ధి చేయనిది పనిచేస్తోందని ఆమెకి తెలుసు. పక్కన పోల్చి చూడటానికి ‘ఉంది’ ఉంది.

గళ్లు, నలుగురు అనుమానితులు

సరే, ఇప్పుడు బోర్డు చూడండి. పది అడ్డ వరసలు, పది నిలువు వరసలు, వంద గళ్లు. గడికి ఒక కాంపౌండ్. ప్రతి అడ్డ వరసలో ఉన్న పదీ కలిపి ఒక పూల్. ప్రతి నిలువు వరసలో ఉన్న పదీ కలిపి ఇంకో పూల్. మొత్తం 20 వెల్స్. ప్రతి కాంపౌండూ రెండు వెల్స్‌లో ఉంది, రెండుసార్లూ చుట్టూ ఉన్నవాళ్లు వేరు. దీన్ని ఆర్తోగొనల్ పూలింగ్ అంటారు. లక్ష కాంపౌండ్లకి 20,000 వెల్స్, అంటే 63 ప్లేట్లు. ఇందాక 313 అన్నాం.

మూడో అడ్డ వరస, రెండో నిలువు వరస వెలిగాయి. మిగతావి ఏవీ వెలగలేదు. నిందితుడు ఎవరు? ఆ రెండూ కలిసే గడిలో ఉన్నవాడు. విడదీయకుండానే దొరికాడు. ఇందాక నా కథలో లాగా ఒక చోట పక్కవాడు నోరు మూసేసినా, రెండో పూల్‌లో ఆ పక్కవాడు లేడు. అక్కడైనా గొంతు వినపడుతుంది. అడ్డంగా వెలిగి నిలువుగా వెలగకపోతే అది కూడా ఒక వార్తే. అలాంటివాటిని పారేయకండి.

దీనిలో ఇంకో లాభం ఉంది. పరీక్ష మంచిదే అనుకోండి. నిజంగా పనిచేసేవాటిలో నూటికి 90 పట్టుకుంటుంది, పనిచేయనివాటిలో నూటికి ఒకటే పొరపాటున హిట్ అంటుంది. మంచి పరీక్షేగా? లక్షలో విడివిడిగా ఒక్కసారి చూస్తే, అసలైన 100లో 90 దొరుకుతాయి. మిగతా 99,900లో 999 పొరపాటున వస్తాయి. మీ చేతిలో 1089 హిట్స్, వాటిలో పన్నెండింటికి ఒకటే నిజం! అదే రెండు వేర్వేరు వెల్స్‌లోనూ వెలగాలి అని పట్టుబడితే? పొరపాటున వచ్చేవి ఉజ్జాయింపుగా 10కి పడిపోతాయి. అసలైనవి 81. ఎంత తేడా! కానీ ఆ తొమ్మిదీ చూడండి. 90 కాస్తా 81 అయింది. ఆ తొమ్మిదీ ‘లేదు’లోకి వెళ్లాయి. ఊరికే ఏదీ రాదు.

ఇక చిక్కు. ఏడో అడ్డ వరస, తొమ్మిదో నిలువు వరస కూడా వెలిగాయనుకోండి. ఇప్పుడు కలిసే గళ్లు నాలుగు. 3-2, 3-9, 7-2, 7-9. నలుగురు అనుమానితులు. అసలు దొంగలు ఎవరు? 3-2, 7-9 జంట కావచ్చు. 3-9, 7-2 జంట కావచ్చు. ముగ్గురూ కావచ్చు, నలుగురూ కావచ్చు. కానీ పనిచేసే కాంపౌండ్లు నూటికి ఒకటే ఉంటే, ఫలానా ముగ్గురు ఒకేచోట చేరడం ఫలానా జంట కన్నా దాదాపు వంద రెట్లు అరుదు. కాబట్టి నూటికి 98 పాళ్లు రెండు జంటల్లో ఏదో ఒకటి, సమానంగా. ఒక్కొక్క గడి మీద అనుమానం సగానికి సగం.

ఎన్ని పరీక్షలు కావాలి దీన్ని తేల్చడానికి? ముందు వరసలో అమ్మాయి నాలుగు వేళ్లు చూపిస్తోంది. నాలుగూ చేస్తే తప్పు లేదమ్మా. కానీ ఒక్కటి చెయ్యి, 3-2 ఒక్కదాన్నే విడిగా చూడు. అది పనిచేస్తే, 7-9 కూడా పనిచేస్తుందని నూటికి 99 పాళ్లు చెప్పొచ్చు. అది పనిచేయకపోతే 3-9, 7-2 రెండూ ఖాయం, ఎందుకంటే మూడో అడ్డ వరస, రెండో నిలువు వరస వెలగడానికి వేరే దారి లేదు. ఒక్క పరీక్షతో నలుగురి కథా తేలింది. కొత్త సమాచారం వచ్చాక అనుమానాన్ని సరిచేసుకునే లెక్కే బేయిస్ సూత్రం. అది పరీక్షలో రాసి మర్చిపోయేది కాదు, ఇదిగో ఇక్కడ మూడు వెల్స్ ఖర్చు మిగిల్చింది. పూల్స్ అబద్ధం చెప్పలేదు అన్న షరతు మీద, అది మాత్రం మర్చిపోకండి.

ఇలాంటి చిక్కు ఎంత తరచుగా వస్తుంది? వెయ్యికి ఒకటి పనిచేసేటప్పుడు, వంద గళ్ల బోర్డులో రెండు అంతకన్నా ఎక్కువ పడే అవకాశం నూటికి అర కన్నా తక్కువ. నూటికి ఒకటి పనిచేస్తే మాత్రం నూటికి 26 బోర్డుల్లో పడతాయి. అప్పుడు మూడో దిక్కు కావాలి. అడ్డం, నిలువు కాకుండా ఐమూలగా కూడా పూల్స్ కట్టాలి. ఏ రెండు కాంపౌండ్లూ ఒకటి కన్నా ఎక్కువ పూల్స్‌లో కలవకుండా ఎలా అమర్చాలి? ఇది లాటిన్ స్క్వేర్ల ప్రశ్న, అంటే ప్రతి గుర్తూ ప్రతి వరసలో ఒక్కసారే వచ్చేలా నింపిన గళ్ల ప్రశ్న. వాటికి దగ్గరి చుట్టమే ఆర్తోగొనల్ అర్రేలు. వాటిని 1940ల్లో ప్రపంచానికి ఇచ్చింది సి.ఆర్. రావు గారు. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివి, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లినాయన. 2023లో, 102 ఏళ్ల వయసులో పోయారు. ఆయన వాటిని ప్రయోగాలు ఎలా అమర్చాలో తేల్చడానికి తయారుచేశారు. దాదాపు ఎనభై ఏళ్లయింది, ఆ కుటుంబానికి చెందిన గళ్లలోనే ఇవాళ మనం మందులు వెతుకుతున్నాం.

పూలింగ్ ఇవాళ ఎంత దూరం వెళ్లిందో కూడా చెప్పి ముగింపుకి వస్తాను. 1992లో సిడ్నీ బ్రెన్నర్, రిచర్డ్ లెర్నర్ ఒక ఊహ రాశారు. ప్రతి కాంపౌండ్‌కీ ఒక డీఎన్‌ఏ తోక తగిలిద్దాం, ఆ తోకే దాని అడ్రస్ అని. ఇప్పుడు కోట్ల కాంపౌండ్లు ఒకే ట్యూబులో వేసి, ప్రొటీన్‌కి అతుక్కున్నవి ఉంచి మిగతావి కడిగేసి, తోకలు చదివి లెక్కపెడుతున్నారు. ఏ తోక ఎక్కువసార్లు కనపడితే అది హిట్. సులువుగా ఉంది కదా? పది కోట్ల కాంపౌండ్లు, ఒక్కో తోక సగటున ఒకసారి కనపడుతుందనుకోండి. ఒక తోక ఎనిమిదిసార్లు కనపడింది. ఎనిమిది రెట్లు! ఎగిరి గంతేస్తాం. కానీ పాయిసాన్ లెక్క (అరుదైనవి యాదృచ్ఛికంగా ఎన్నిసార్లు జరుగుతాయో చెప్పే లెక్క) ప్రకారం, ఏ పనీ చేయనివి కూడా కేవలం అదృష్టం కొద్దీ ఎనిమిది అంతకన్నా ఎక్కువసార్లు కనపడే అవకాశం లక్షకి ఒకటి. పది కోట్లలో లక్షకి ఒకటి అంటే ఎన్ని? వెయ్యి. వెయ్యి కాంపౌండ్లు ఊరికే ఎనిమిదిసార్లు కనపడతాయి. ఇక్కడ ఒక్క అంకెని నమ్మకూడదు. ప్రొటీన్ లేని ఖాళీ ట్యూబు కూడా పక్కన పెట్టి పోల్చాలి, ఒకే రకం నిర్మాణం ఉన్న నాలుగైదు కాంపౌండ్లు కలిసి పైకి వచ్చాయా అని చూడాలి. 

చివరగా, ఒక ప్రశ్న చీటీ వచ్చింది. ‘మా పూల్స్ చెప్పే లేదు నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి? కొన్ని నెగెటివ్ పూల్స్ తెరిచి విడిగా చూస్తే సరిపోతుందా?’ చాలా మంచి ప్రశ్న. చాలా ల్యాబుల్లో చేసేది అదే. కానీ లెక్క చూడండి. వెయ్యికి ఒకటే పనిచేసేది ఉన్నప్పుడు, ‘లేదు’ అన్న పూల్స్ తెరిచి 300 కాంపౌండ్లు విడిగా చూశారు. మీ పూల్స్ పనిచేసేవాటినన్నింటినీ, పూర్తిగా అన్నింటినీ, పోగొట్టుకుంటున్నా కూడా ఆ 300లో సగటున 0.3 మాత్రమే కనపడాలి. అంటే చాలాసార్లు ఏమీ దొరకదు. ఏమీ దొరకలేదు కాబట్టి మా పద్ధతి బాగుంది అనుకుంటే, అది కూడా ఒక తప్పుడు ‘లేదు’.

దానికి బదులు ఇలా చెయ్యండి. పనిచేస్తుందని ముందే తెలిసిన కాంపౌండ్లు తీసుకోండి. బలంగా పనిచేసేవే కాదు, అంతంతమాత్రంగా పనిచేసేవి కూడా. వాటిని 60 పూల్స్‌లో, ప్లేట్లు చదివేవాళ్లకీ గీత గీసేవాళ్లకీ చెప్పకుండా, కలిపేయండి. ప్లేట్ అంచు వెల్స్‌లో కొన్ని పెట్టండి, అక్కడ నీరు త్వరగా ఆవిరైపోతుంది కాబట్టి అక్కడా దొరుకుతున్నాయా తెలియాలి. అరవైకి అరవై దొరికితే, మనం పోగొట్టుకుంటున్నది నూటికి 5 కన్నా తక్కువ అని 95 శాతం నమ్మకంతో చెప్పొచ్చు. మూడుని 60తో భాగిస్తే 0.05, అంతే సూత్రం. ఒకటి దొరక్కపోతే ఆ పూల్ తెరవండి, పక్కన ఉన్న తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా చూడండి, నోరు మూసింది ఎవరో కనిపెట్టండి. నేను ఆ 40ని సున్నా చేసిన తర్వాత, ఈ అరవై కలపకుండా ఏ లైబ్రరీ మీదా సంతకం పెట్టలేదు.

ఆ చీటీ రాసింది ఎవరు? చెయ్యి ఎత్తండి. ఆ వెనక వరసలో బాబు. నువ్వు ఫార్మసీయా, స్టాటిస్టిక్సా? ఫార్మసీ. అయితే ఆ 60 కాంపౌండ్లు ఏవో నువ్వు ఎంచు. ఏ పూల్స్‌లో, ఏ గళ్లలో వెయ్యాలో అటువైపు స్టాటిస్టిక్స్ వాళ్లు చీట్లు తీస్తారు. టీ తాగి వచ్చాక ఇదే బోర్డు మీద మొదలుపెడదాం. బోర్డు తుడవకండి.